మెట్టె తీసే ముహూర్తం

జలపతిరావు దేనికీ భయపడడని మెట్‌పల్లిలో అందరూ అనేవారు. అందరికంటే ఎక్కువగా ఆయనే అనేవాడు. సొంత ఊళ్లో పెద్దరికం చేసి బతికిన మనిషి. ఉన్నట్టుండి ఊరు వదిలి మెట్‌పల్లికి వచ్చి పసుపు వ్యాపారం పెట్టింది పిల్లల చదువు కోసమని చెప్పేవాడు. అప్పటికే ఆయన పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆ రోజుల్లో దొరలు నక్సలైట్లకు జడిసి ఊళ్లు వదిలారని ఎరగనివాళ్లు లేరు కాబట్టి, ఆ మాటకు అందరూ తలూపి ఊరుకునేవారు.

నిజానికి ఆయన భయపడేది ఒక్కదానికే. చావుకు. కొంచెం కడుపు ఉబ్బితే చాలు, వీలునామా గురించి మాట్లాడేవాడు. బయలుదేరేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే, వాళ్లు రెండోది తుమ్మేదాకా నిలబెట్టి చూసేవాడు. అయితే తన ప్రాణానికి గట్టి కాపలా ఒకటి ఉందని ఆయన నమ్మకం. అది భార్య లీలాబాయి కాలివేళ్లకు ఉన్న మెట్టెలు. పెళ్లిలో ఆమె కాలు సన్నెకల్లు మీద పెట్టించి తన చేత్తో తొడిగినవి. బరువైన వెండి, కొసలు కలిపి అతికించినవి, ఈ కాలపు తేలిక మెట్టెలు కావు. ఆ మెట్టెలు బండల మీద టకటకమంటున్నంత సేపు తనకు ఢోకా లేదనుకునేవాడు. ఆవిడ పెరట్లోకి వెళ్లి చప్పుడు వినపడకపోతే ప్రాణం కొట్టుకునేది.

"లీలా, ఏడ పోయినవ్?" అని ముందు గదిలోంచి కేకేసేవాడు.

ఈ వయసులో కూడా పెళ్లాన్ని విడిచి ఒక్క క్షణం ఉండలేడని చుట్టుపక్కల ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు. లీలాబాయి నవ్వి ఊరుకునేది. ఆవిడకు అసలు సంగతి తెలుసు.

లీలాబాయికి షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. ఒకనాడు పనిమనిషి భూమవ్వ స్నానానికి పొగలు కక్కే నీళ్లు తెచ్చి పెట్టి, చల్లనీళ్లు కలుపుదామని వెనక్కి తిరిగేలోగా ఆవిడ ఆ నీళ్లలో కాలు పెట్టేసింది. భూమవ్వ గొల్లుమంది గాని లీలాబాయి మొహంలో ఏ మార్పూ లేదు. కాలు పైకి తీసేసరికి బొబ్బలు లేచి ఉన్నాయి. ఇది విన్న ఏ భర్త అయినా కంగారుపడతాడు. జలపతిరావు మాత్రం నెల రోజులు ఆ ముచ్చటే గొప్పగా చెప్పుకున్నాడు. "మా ఇంటి ఆడోళ్ల ఓపిక గట్లుంటది. కాలు కాలినా కిక్కురుమనలే," అని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ వినిపించాడు.

బొబ్బలు మానాయి. తర్వాత కొన్నాళ్లకు ఎడమ కాలి వేలు వాచి, మెట్టె చుట్టూ కండ పొంగింది. ఊళ్లో డాక్టరు ఆ వేలు చూసి, రెండు మాత్రలు రాసి, గోదావరి దాటి నిర్మల్ వెళ్లే తోవలో ఒక మిషన్ దవాఖాన ఉందని, అక్కడ ప్రతి గురువారం పాదాల సంగతి చెప్పే క్లాసు పెడతారని, తప్పకుండా వెళ్లమని చెప్పాడు. "కాళ్లకు క్లాసేంది?" అని జలపతిరావు నవ్వాడు. అయినా జీపు తీయించాడు.

దవాఖాన వరండాలో చాపలు పరిచి ఉన్నాయి. చాపల మీద కూర్చున్నవాళ్లను చూడగానే ఆయన నవ్వు ఆగిపోయింది. సగం మంది తమలాంటి షుగరు వాళ్లే. మిగతా సగం మంది వేళ్లు వంకరపోయినవాళ్లు, వేళ్లు లేనివాళ్లు, నల్ల రబ్బరు చెప్పులకు వెనక పట్టీ పెట్టుకున్నవాళ్లు. ఆ చెప్పులు చూస్తే చాలు, అది కుష్ఠు అని ఎవరూ చెప్పనక్కర్లేదు. క్లాసు చెప్పే ఎస్తేరు సిస్టరును పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, మాది షుగరు. గీ పెద్దరోగం గాదు. మాకు వేరే కుర్చీలు వేయించు."

ఎస్తేరు సిస్టరు చిన్న మనిషే గాని గొంతు పెద్దది. "కాలుకు ఏ రోగమొచ్చిందో మాకు రెండో ముచ్చట సార్. మొద్దువారిందా లేదా, గదొక్కటే చూస్తం. రెండు రోగాలకు ఒక్కటే పాఠం. కూసోండ్రి."

కూర్చున్నాడు. చాప అంచున, ఒక కాలు బయట పెట్టి కూర్చున్నాడు.

సిస్టరు పాఠం మొదలుపెట్టింది. రోజూ పొద్దుగూకేసరికి అరికాలు కింద అద్దం పెట్టి చూసుకోవాలి. వంగలేనివాళ్లకు ఇంట్లో ఇంకొకరు చూడాలి. చెప్పులు తొడిగే ముందు దులపాలి, లోపల చెయ్యి పెట్టి తడమాలి. నీళ్ల వేడి కాలితో కాదు, మోచేత్తో చూడాలి. ఉత్తకాళ్లతో ఇంట్లో కూడా తిరగొద్దు. ఆనెకాయలను బ్లేడుతో కోయొద్దు. "నొప్పి లేదు గద అని ఊకుంటరు. నొప్పి లేకపోవుడే రోగం," అని గట్టిగా చెప్పింది. జలపతిరావుకు ఆ చివరి మాట నచ్చలేదు. నొప్పి లేకపోతే రోగం ఎట్లా అవుతుందని మనసులోనే వాదించుకున్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి పరీక్ష చేసింది. పుల్లకు బిగించిన నైలాన్ దారం ముక్కను అరికాలికి తాకిస్తుంది. కళ్లు మూసుకున్న మనిషి, తగిలినప్పుడల్లా "ఆఁ" అనాలి. పరీక్ష అన్న మాట చెవిన పడగానే జలపతిరావు నిటారుగా కూర్చున్నాడు. వాళ్ల వంశంలో ఎవరూ పరీక్ష తప్పలేదు. తప్పినవాళ్ల సంగతి బయటికి పొక్కలేదు. పైగా తమ ముందు కూర్చున్న ఒక బక్క ముసలాయన అన్నిసార్లూ "ఆఁ" అని నెగ్గుకొచ్చాడు. అతని ముందు తన భార్య ఓడిపోవడమా?

లీలాబాయి కళ్లు మూసుకుంది. సిస్టరు దారం తాకించింది. ఆవిడ మాట్లాడలేదు. జలపతిరావు దగ్గాడు.

"ఆఁ," అంది లీలాబాయి. ముప్ఫై ఏళ్లు పైబడిన కాపురంలో ఆయన దగ్గుకు అర్థం తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సిస్టరు మళ్లీ తాకించింది. మళ్లీ దగ్గు, మళ్లీ "ఆఁ". బొటనవేలు, మడమ, మధ్య భాగం, అన్నిటా లీలాబాయి నెగ్గింది. జలపతిరావు మీసం సవరించుకున్నాడు. సిస్టరు ఒకసారి ఆయన వైపు చూసి, పుల్ల కింద పెట్టింది.

"సార్, మీకు దగ్గు మస్తున్నది. జర బయట గాలికి తిరిగి రాండ్రి."

ఆయన తిరిగి వచ్చేసరికి సిస్టరు మొహం మారిపోయి ఉంది. లీలాబాయి తల వంచుకుని కూర్చుంది.

"మీరు పోయినంక అమ్మ ఒక్కసారి గుడ నోరు తెరువలే. రెండు కాళ్లు మొద్దువారినయి."

"అంటే ఫెయిలైందా?" అన్నాడు జలపతిరావు, చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని చూస్తూ.

"ఇప్పుడు ఫెయిలైతేనే మంచిది సార్. మీరు దగ్గి దగ్గి పాస్ చేయిస్తే కాలు పోతది." సిస్టరు లీలాబాయి ఎడమ కాలు ఎత్తి చూపించింది. "గీ మెట్టె కండలకు దిగవడ్డది. కిందికెల్లి పుండు అయితుంది. ఇయ్యాల్నే తీసెయ్యాలె."

జలపతిరావు లేచి నిలబడ్డాడు. "మెట్టె తీసుడా? నేను ఉండంగనా?"

"తీసి దాచిపెట్టుకోండ్రి. పుండు మానినంక వదులుగ చేయించి మల్ల పెట్టుకోవచ్చు. తీసుడు పెట్టుడు మధ్యల జర టైం పడ్తది, గంతే గద?"

"మధ్యల నేనున్న గదమ్మా!" అని అరిచాడు జలపతిరావు.

వరండా అంతా గొల్లున నవ్వింది. వేళ్లు లేని చేతులతో చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన మొహం కందగడ్డ అయింది. లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి వేలు చూసింది. ఆవిడ నవ్వలేదు. వచ్చే గురువారం దాకా మెట్టె ఇట్లాగే ఉంటే వేలు దక్కుతుందని తాను మాట ఇవ్వలేనని, వేలు కుళ్లితే పాదానికి పాకుతుందని విడమరిచి చెప్పింది. ఏ సంగతీ ఇంటికి పోయి ఆలోచించుకుని చెప్తానని జలపతిరావు భార్యను జీపెక్కించాడు.

దారిలో లీలాబాయే, "మీకెట్ల మంచిగనిపిస్తే గట్లనే," అంది. ఆ మాట వల్ల ఆయన బరువేమీ తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే పురోహితుడి ఇంటికి వెళ్లాడు. మెట్టె తీయడానికి మంచి గడియ ఏదైనా చూడమని అడిగాడు. ఆ అయ్యగారు పంచాంగం తెరవబోయి, ఆగి, కళ్లజోడు తీశాడు.

"దొరా, మెట్టెలు తొడిగే ముహూర్తం ఎందరికో పెట్టిన. తీసే ముహూర్తం ఇంతవరకు నన్ను ఎవ్వరు అడుగలే. అవి తీసే యాళ్ల ఒక్కటే ఉంటది. దానికి ముహూర్తం మేం పెట్టం."

జలపతిరావు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు. అక్కడి నుంచి నేరుగా అవుసుల వీరాచారి కొట్టుకు వెళ్లాడు. ఆ మెట్టెలు చేసింది వీరాచారి తండ్రి.

"వీరాచారీ, మెట్టె కాలికే ఉండాలె. తీయొద్దు, కోయొద్దు. జర వదులు చెయ్యి."

వీరాచారి ఆయన మొహంలోకి చూశాడు, పరాచికమేమోనని. "గది వెండి దొరా, రబ్బరు గాదు. వదులు చెయ్యాలంటే కొయ్యాలె. ముత్తైదువ మెట్టెకు నేను ఆకురాయి పెట్ట. రేపు మీకేమన్న అయితే ఊరంత నన్నే అంటది."

"నాకేమైతదిరా?" అని జలపతిరావు మండిపడ్డాడు. తన భయం ఇంకొకడి నోటి నుంచి వినడం ఆయనకు గిట్టలేదు. "నాకేం గాదు! గుండ్రాయి తీర్గ ఉన్న!" అని చెప్పి, దిష్టి తగలకుండా చెక్కను తాకుదామని కొట్టు తలుపు పట్టుకున్నాడు.

అట్లా రోజులు దొర్లాయి. ఆయన మెట్టె వైపు చూడటం మానేశాడు. వేలు వైపు చూడటం అంతకంటే ముందే మానేశాడు. కట్టు కట్టే పని భూమవ్వ చూసుకుంది. లీలాబాయి నొప్పని ఒక్కసారి కూడా అనలేదు. నొప్పి లేదు కదా, రోగం అంత ముదరలేదేమోనని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. సిస్టరు చెప్పింది సరిగ్గా దీనికి ఎదురు మాటేనని గుర్తొచ్చినప్పుడు, రేడియో గట్టిగా పెట్టుకునేవాడు. అయితే వాసన ఒకటి మొదలైంది. భూమవ్వ గుమ్మంలో నిలబడి, "దొరా, కట్టుకు చీము అంటుతుంది. నాకైతే దడుపు పుడ్తుంది," అని చెప్పేసింది. గురువారం పొద్దున లీలాబాయికి ఒళ్లు వెచ్చబడింది. జలపతిరావు జీపు తీయించాడు.

ఆవిడను కట్టు మార్చే గదిలోకి తీసుకెళ్లారు. ఆయన బయట బల్ల మీద చివరన కూర్చున్నాడు. ఇంకో చివరన ఒక ముసలమ్మ కూర్చుని కొత్త చెప్పుల కోసం ఎదురుచూస్తోంది. పాత రబ్బరు చెప్పులు పక్కన పెట్టుకుంది. ఆయన ఇంకాస్త జరిగాడు. ఇక జరిగితే కింద పడతాడు.

"ఎందుకు దొరా కష్టపడ్తవ్, నేనే జరుగుత," అని ముసలమ్మ లేచి, ఆయన వైపే జరిగి కూర్చుంది. "మందు తిని నాకు తగ్గి మస్తు యేండ్లాయె. అంటుకోను. నా పేరు లస్మవ్వ, మాది సుల్తానాబాద్ దిక్కు. మెట్టెల దొరవు నువ్వే గదా? మొన్న నవ్వి నవ్వి నా పొట్ట నొచ్చింది."

జలపతిరావు ఆవిడ కాళ్ల వైపు చూశాడు. ఎడమ పాదానికి బొటనవేలు పక్కన వేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. లస్మవ్వ ఆ చూపు కనిపెట్టింది.

"మెట్టెతోనే పోయింది," అంది, పొద్దున తిన్న కూర పేరు చెప్పినంత మామూలుగా. "నాకు గుడ తీయుమన్నరు. నా మొగడు, 'నా పానం తీస్తవా' అని లొల్లి వెట్టిండు. తీయలే. వేలు నల్లవడి, ఒకనాడు మెట్టెతోని ఊడి వడ్డది."

జలపతిరావు అడగొద్దనుకుంటూనే, "మరి నీ మొగడు?" అని అడిగాడు.

"సల్లగున్నడు! కోరుట్లల ఉంటడు. ఇంకోదాన్ని చేసుకున్నడు. ఇప్పటిదాక పండ్లు గుడ ఊడలే, కట కట బొక్కలు నములుతడట." లస్మవ్వ పకపకా నవ్వింది. "మెట్టె మంచిగ పనిచేసింది దొరా, ఆయనకు."

జలపతిరావు కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నీకు ఆయన మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉన్నది. గని ఏమనాలె? ఆయన పానం ఆయనకు తీపి. నా వేలికి నొప్పి లేకపాయె, నేను ఒర్లకపోతి. నేను ఒర్లితే ఇంటుండెనేమో." అని, తన పాదాన్ని పసిపిల్లను చూసుకున్నట్టు ఒకసారి తడుముకుంది.

ఆ మాట జలపతిరావుకు సూటిగా తగిలింది. లీలాబాయి కూడా అరవలేదు. వేడినీళ్లకు కాలు కాలినప్పుడు అరవలేదు, వేలు వాచినప్పుడు అరవలేదు. దాన్ని తాను ఓపిక అనుకుని ఊరంతా చాటింపు వేశాడు. పైగా దగ్గి దగ్గి ఆవిడ నోట "ఆఁ" అనిపించాడు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. లేచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

లోపల లీలాబాయి ఎత్తు బల్ల మీద కాళ్లు చాపి కూర్చుంది. ఎస్తేరు సిస్టరు చేతిలో కటింగ్ ప్లేయరు ఉంది.

"నేను పెట్టిన మెట్టె. నేనే తీస్త," అన్నాడు జలపతిరావు.

సిస్టరు ఆయన్ని కింది నుంచి పైకి చూసి, చేతులు కడుక్కురమ్మంది. మెట్టెకూ కండకూ మధ్య సన్నని రేకు దూర్చి, ప్లేయరును సరిగ్గా అమర్చి, పిడి ఆయన చేతికిచ్చింది. ఆయన కులదైవాన్ని తలుచుకున్నాడు, వీరాచారి తండ్రిని కూడా తలుచుకున్నాడు, అంత మందంగా ఎందుకు చేశాడోనని. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కండ్లు తెరిచి ఒత్తండ్రి సార్. వేలు తెగుతది," అంది సిస్టరు.

కళ్లు తెరిచి నొక్కాడు. టక్కుమంది. మెట్టె నోరు తెరిచింది.

జలపతిరావు ప్లేయరు కింద పెట్టి, ఎడమ చెయ్యి గుండె మీద వేసుకుని నిలబడ్డాడు. కొట్టుకుంటోంది. కాసేపు ఆగి మళ్లీ చూసుకున్నాడు. ఇంకా కొట్టుకుంటోంది. గుమ్మంలోంచి తొంగిచూస్తున్న లస్మవ్వ, "కూసుండి సూసుకో దొరా, గింత దూరం వచ్చినంక పడితే దెబ్బ తాకుతది," అంది. ఆయనకు కోపం రాలేదు. బతికే ఉన్నందుకు ఆయనకు ఎవరి మీదా కోపం లేదు.

"అయ్యిందా? నాకు తెల్వనే లేదు," అంది లీలాబాయి.

సిస్టరు మెట్టెను విప్పి పక్కకు తీసింది. అప్పుడు కనిపించింది దాని కింద ఉన్నది. వేలి చుట్టూ లోతుగా కోసుకుపోయిన గాడి. కొంత పాతబడి నల్లగా, కొంత పచ్చిగా. జలపతిరావు అంత దగ్గరగా భార్య కాలు చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. సమయానికే వచ్చారని, వేలు దక్కుతుందని సిస్టరు చెప్తోంది. ఆయన చెవికి సగమే ఎక్కింది.

"గిది గీ నెల పుండు గాదు," అన్నాడు. "ఎప్పటి సంది ఉన్నది లీలా?"

లీలాబాయి కొంగు సర్దుకుంది. "బోనాల ముంగటి సంది. చీర అంచుకు మరక అంటింది, అప్పుడే తెలిసింది."

"తెలిసి గుడ చెప్పలేదా?"

"చెప్తే మెట్టె తీయుమంటరు. తీస్తే మీకు నిద్రవట్టదు." ఆవిడ మామూలుగానే అంది, ఆయనకు పెరుగు వేస్తూ చెప్పే మాటలాగానే అంది. "భయపడి భయపడి మీకే ఏమన్న అయితే? ఒక్క వేలే గదా అనుకున్న."

జలపతిరావు తన ప్రాణాన్ని మెట్టె కాస్తోందని ఇన్నేళ్లూ అనుకున్నాడు. కాచింది ఎవరో ఇప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అందరి ముందూ తిరిగాయి, తుడుచుకోవడానికి కూడా ఆయనకు తోచలేదు. ఆ ఏడుపును ఏం చేసుకోవాలో తెలియక భార్య మీద అరిచాడు.

"పిచ్చిదానివా నువ్వు? ఒక్క వేలు ఎందుకు, రెండు కాళ్లు ఇస్తుంటివా నాకోసం? నాకు నిద్ర పట్టకుంటే పట్టకపాయె! ఎందరు పడుకుంటలేరు నిద్రలేకుండ!"

"మెల్లగ, అందరు చూస్తుండ్రు," అంది లీలాబాయి.

"చూడనియ్యి."

సిస్టరు గాజుగుడ్డ చుట్టడం ముగించి, కుడి కాలి మెట్టె కూడా బిగుస్తోందని, అది ఇంకా కండకు దిగలేదు కాబట్టి వచ్చే గురువారం చూడొచ్చని అంది. జలపతిరావు బల్ల ముందు నేల మీద చతికిలబడ్డాడు. ప్లేయరు చేతిలోకి తీసుకున్నాడు.

"గా కాలు గిటు వెట్టు," అన్నాడు.

"అయ్యో, మీరు నా కాలు పట్టుకునుడేంది, పాపం!" అని లీలాబాయి కాలు వెనక్కి లాక్కోబోయింది. ఆయన మడమ పట్టుకుని ఒడిలో పెట్టుకున్నాడు. సిస్టరు రేకు అందించింది. ఈసారి ఆయన కళ్లు మూసుకోలేదు. టక్కుమన్న చప్పుడు అయ్యాక గుండె మీద చెయ్యి వేసుకోవడం కూడా ఆయన మరిచిపోయాడు. మెట్టె కింద చర్మం ఎర్రబడిందా లేదా అని, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, వంగి చూస్తున్నాడు.